పి, ఏ, ఎన్: యానాంలో ఒక కొట్టు, రెండు పాన్‌లు

పోయిన నెల పాన్ కార్డులో పేరు సరిచేయించుకోవడానికని యానాం వెళ్ళి, నోరు ఎర్రగా పండించుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "కార్డు కోసం వెళ్ళి కిళ్ళీ నములుతూ వచ్చారేంటండీ?" అంది. రెండూ ఒకే కొట్టులో దొరికాయంటే నమ్మలేదు. అందుకే ఈ సమీక్ష. ఆమె చదవాలి ముందు, తర్వాత మీరు.

మాది ఎదుర్లంక వైపు. స్కూటర్ మీద వంతెన దాటితే యానాం. 2002లో ఆ వంతెన రాకముందు పంటు ఎక్కి దాటాల్సి వచ్చేది. గాలీవానా అయితే ఆ పనేదో రేపటికి వాయిదా. ఇప్పుడు పది నిమిషాలు. కొట్టు పేరు చెబుదామంటే దానికి పేరు లేదు. నీలం ఫ్లెక్సీ మీద పసుప్పచ్చటి ఇంగ్లీషు అక్షరాలు మూడున్నాయి: పి, ఏ, ఎన్. కింద ఇంకేదో చిన్న అక్షరాలతో రాయించారు గానీ ఎండకి వెలిసిపోయింది. లోపల ఎడమ పక్క ఇత్తడి పళ్ళెం, తడి ఎర్రగుడ్డ కప్పిన తమలపాకులు, బరువైన అడకత్తెర, వాటి వెనక ముప్పై అయిదేళ్ళావిడ. కుడి పక్క కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్రల మిషను, వాటి వెనక ఆవిడ భర్త. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చున్నవాణ్ణి చూసి ఇద్దరూ ఒకేసారి అడుగుతారు: "పానేనాండీ?"

నేను అవునన్నాను. ఆవిడ ఆకు తీసింది, ఆయన ఫారం తీశాడు.

ముందు కిళ్ళీ సంగతి. సర్వర్ రావట్లేదని ఆయన చేతులెత్తేశాడు కాబట్టి నాకు మొదట అందింది అదే. ఆవిడ వాడేది దొడ్డిపట్ల కపూరి ఆకు. పాలకొల్లు అవతల, యలమంచిలి మండలంలో గోదారి ఒడ్డునుంది ఆ ఊరు. తమలపాకు సాగు గురించి రాసేవాళ్ళు కపూరి రకాల్లో దొడ్డిపట్ల అని ఒకదాన్ని ప్రత్యేకంగా చెబుతారు. కలకత్తా ఆకులా దళసరిగా ఉండదు, అంత ఘాటూ ఉండదు. ఆవిడ తొడిమ తుంచి, వెనక్కి తిప్పి, నడిమి ఈనెని బొటనవేలి గోటితో పైనుంచి కిందికి ఒక్క గీతలో లాగేస్తుంది. ఆకు చిరగదు. ఇరవై ఏడేళ్ళు ఓడల్లో వంటవాడిగా చేసినవాణ్ణి, చేతిపని చూస్తే తెలిసిపోతుంది నాకు. తర్వాత సున్నం, కాచు, అప్పటికప్పుడు కత్తిరించిన వక్క, సోంపు, యాలకుల పొడి. స్వీట్ కిళ్ళీ అయితే కొబ్బరి తురుము, గుల్కందు, ఒక చెర్రీ. మడిచి లవంగం గుచ్చి ఇస్తుంది.

మొదటి రోజు సున్నం కాస్త ఎక్కువైంది. నాలుక పొక్కింది, రెండు రోజులు పులుసు తినలేకపోయాను. రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పాను. "ఆయ్, ఆ వేళ కొత్త సున్నం తడిపామండి, పాళ్ళు కుదర్లేదు" అని ఒప్పేసుకుంది. వాదించలేదు. ఇప్పుడు నాకోసం వేలి కొసతో అంటీ అంటనట్టు రాస్తుంది.

మనకి కిళ్ళీ ఉండగా ఈ పాన్ అనే మాట ఎక్కడిదని కొందరికి చిరాకు. నాకు లేదు. సంస్కృతంలో పర్ణం అంటే ఆకు. అదే అరిగి అరిగి హిందీలో పాన్ అయింది. సీతారాములుండేవారని చెప్పే పర్ణశాల ఇదే గోదారికి ఎగువన, భద్రాచలం దగ్గరుంది. ఆ ఆకే ఇక్కడ దిగువన సున్నం రాసుకుని లవంగం గుచ్చుకుంది. బోర్డు మీది మూడక్షరాల్లో నాకు నచ్చిన అర్థం ఇదే. కానీ ఆ మూడక్షరాలూ నన్ను ఒకసారి గట్టిగా మోసం చేశాయి. ఆ సంగతే సర్వర్ వచ్చేదాకా ఆ దంపతులకి చెప్పాను.

స్పెయిన్లో అల్హెసిరాస్ అని రేవు. ఊరొదిలి మూడు నెలలైంది, కిళ్ళీ రుచి మర్చిపోయాను. సాయంత్రం రేవు దాటి ఊళ్ళోకి నడుస్తుంటే ఒక చిన్న కొట్టు, పైన ఇవే అక్షరాలు. మనవాళ్ళెవరో ఇక్కడిదాకా వచ్చి కొట్టు పెట్టారనుకుని పరిగెత్తాను. లోపల మనిషి చెయ్యంత పొడుగు రొట్టెలు నిలబెట్టున్నాయి! స్పానిష్‌లో పాన్ అంటే రొట్టె. లాటిన్లో పానిస్ అనే మాటకి మనవడు. కొట్టువాడు నా మొహం చూసి ఏమనుకున్నాడో, వేడిగా ఉన్న రొట్టె విరిచి ముక్క చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

"అయితే పావ్ భాజీలో పావ్ కూడా అదేనాండీ?" అంది ఆవిడ అడకత్తెర ఆపి. అదే. పోర్చుగీసు వాళ్ళు ఆ లాటిన్ మాటనే పావ్ అని ముక్కుతో పలుకుతారు. వాళ్ళే దాన్ని మన పడమటి తీరంలో దించారు, జపాన్లోనూ దించారు. జపాన్ వాళ్ళు ఈ రోజుకీ రొట్టెని పాన్ అనే అంటారు. నాతో పనిచేసిన ఫిలిప్పీన్ కుర్రాళ్ళు పొద్దున్నే పాన్దెసాల్ కావాలని ప్రాణం తీసేవాళ్ళు. ఉప్పు రొట్టె అని స్పానిష్ మాట అది. దాన్ని చేయడం నేర్చుకున్నాకే ఓడలో నా ఉద్యోగం నిలబడింది.

ఇంకొకటి చెబితే ఆవిడ నమ్మలేదు. కలిసి ఒకే రొట్టె తినేవాళ్ళన్న అర్థంలో లాటిన్ వాళ్ళు కట్టుకున్న మాట నుంచే ఇంగ్లీషు 'కంపానియన్' వచ్చింది, మన నోళ్ళలో నలిగే కంపెనీ కూడా. అంటే మన గోదారి జిల్లాల్లో శిస్తులు వసూలు చేసిన ఈస్టిండియా కంపెనీ పేరులోనూ రొట్టె ముక్కుంది. రైల్లో ప్యాంట్రీ కారు ఉంది చూశారూ, అదీ ఈ రొట్టె బంధువే. వంట ప్యాన్లు ఉండే చోటు కాబట్టి ప్యాంట్రీ అనుకుంటారు చాలామంది. ఓడలో ప్యాంట్రీ తాళాలు ఏళ్ళ తరబడి నా మొలకే ఉన్నా, నేనూ అలాగే అనుకున్నాను. పాత ఫ్రెంచిలో రొట్టెలు దాచే గది అది.

వంట ప్యాన్‌కి ఆ రొట్టెతో ఏ చుట్టరికమూ లేదు. దాని వంశం జర్మన్, డచ్చి, ఇంగ్లీషు భాషలది. లాటిన్లో పళ్ళేన్ని పటినా అనేవారు, వీళ్ళు దాన్నే ఎరువు తెచ్చుకుని ఉండొచ్చని పండితుల మాట. డచ్చి వాళ్ళ ప్యాన్ దగ్గర మాత్రం నేను కాస్త ఆగాలి. రాటర్‌డామ్‌లో ఒక మెకానిక్ ఇంటికి భోజనానికి పిలిచాడు. పొయ్యి మీదున్నదాన్ని చూపించి 'పన్' అన్నాడు. బయటికొచ్చాక ఇంటి కప్పు చూపించి మళ్ళీ 'పన్' అన్నాడు. తాగి ఉన్నాడనుకున్నాను. కాదు, వాళ్ళ భాషలో పెనమూ పన్నే, కప్పు మీది పెంకూ పన్నే. తలదాచుకోవడానికి చోటు దొరికిందనడానికి 'పెంకుల కిందున్నాం' అంటారట.

నాకు అక్కడే మా తాతయ్య పెంకుటిల్లు గుర్తొచ్చింది. మనకీ అంతే కదా! పగిలిన కుండ ముక్కా పెంకే, ఇంటి మీద నేసేదీ పెంకే. పక్కనే పెనం ఉండనే ఉంది. మన మాటకీ వాళ్ళ మాటకీ చుట్టరికం ఉందని నేననను. మట్టిని కాల్చి గిన్నె చేసేవాడే దాన్ని కాల్చి కప్పూ చేస్తాడు కాబట్టి రెండు చోట్లా ఒకే ఆలోచన వచ్చింది, అంతే. అయితే ఆ డచ్చి వాళ్ళు మనకి కొత్త కాదు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో, కాకినాడ జగన్నాథపురంలో వాళ్ళు బట్టల వ్యాపారం చేశారు. 1824లో ఇంగ్లీషు వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాకే వాటిని వదులుకున్నారు. దొడ్డిపట్ల ఆకు పక్కన వక్క కత్తిరిస్తున్న ఆవిడకి ఇదంతా చెబితే, "మా పుట్టిల్లు పాలకొల్లేనండీ, మాదీ పెంకుటిల్లే" అంది. కిళ్ళీలో ఇంకో చెర్రీ పడింది.

స్వీడన్ వాళ్ళు 'పన్నా' అని నుదురు చూపిస్తారు, బాణలినీ అదే మాటతో పిలుస్తారు. అంతకంటే అక్కడ చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు, చలికి నేను ఓడ దిగలేదు.

పోలండ్ పాన్ మాత్రం వేరే కథ. మా కెప్టెన్లలో ఒకాయన గ్దీనియా మనిషి. మొదటి రోజు ఆయన ఊరివాళ్ళు ఆయన్ని 'పాన్ కపితాన్' అని పిలుస్తుంటే, ఈయనకి కిళ్ళీ అలవాటుందా, పళ్ళు తెల్లగా ఉన్నాయే అనుకున్నాను. పోలిష్‌లో పాన్ అంటే అయ్యగారు. పాత చెక్ భాషలో హ్పాన్ అని ఉండేది, ప్రభువు అని అర్థం. ఇప్పుడు వీధిలో పోయే ఏ మగమనిషినైనా అలాగే పిలుస్తారు. మన గారు పేరు వెనకొస్తుంది, వాళ్ళ పాన్ పేరు ముందొస్తుంది. ముఖాముఖి మాట్లాడేటప్పుడూ నువ్వు, మీరు అనరు. 'అయ్యగారికి కాఫీ కావాలా?' అని, ఎదురుగా ఉన్నాయన పక్క గదిలో ఉన్నట్టు అడుగుతారు. ఆడవాళ్ళయితే పాని. కెప్టెన్ గారి భార్య ఓడ ఎక్కిన రోజు అందరూ పాని, పాని అంటుంటే మా బీహార్ కుర్రాడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

యూరప్ అంతా తిరిగినా, మన అండీకి, ఆయ్‌కి దగ్గరగా వచ్చే మర్యాద నాకు దొరికింది ఆ పోలిష్ వాళ్ళ దగ్గరే. ఈ కొట్టులో కూడా అదే మెచ్చుకుంటాను. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, బాబాయ్ గారండీ అనో, అక్క గారండీ అనో పిలిచి, అప్పుడు పని అడుగుతారు. కార్డుల పని చేసే చోట్ల ఇది అరుదు. వేరే ఊళ్ళో ఒక సెంటరు కుర్రాడు నా మొహం కూడా చూడకుండా "ఆధార్ ఉందా, ఓటీపీ చెప్పు" అన్నాడు. అక్కడే లేచొచ్చేశాను.

ఇదంతా వింటున్న ఆయన కీబోర్డు మీంచి తలెత్తి, "మరి పాన్ ఇండియా సినిమా ఏ పానండీ?" అన్నాడు. మంచి ప్రశ్న. అది గ్రీకు పాన్, సర్వం అని అర్థం. 2020లో మన పిల్లా పెద్దా అందరి నోటా పలికిన ప్యాండమిక్‌లో ఉన్నదీ అదే, జనమందరిదీ అని. కోనసీమ కొబ్బరితోటల్లో షూటింగులు చేసేవాళ్ళు కెమెరాని ప్యాన్ చేయమంటారు కదా, అది పనోరమాకి పొట్టి రూపం, దాని మొదటి ముక్కా ఈ గ్రీకుదే. అంటే పాన్ ఇండియా సినిమాలో కెమెరా ప్యాన్ చేశారంటే ఆ రెండూ ఒక తల్లి పిల్లలే. మధ్యలో హీరో కిళ్ళీ నమిలితే అది మాత్రం మనది.

గ్రీకుల్లో పాన్ అని ఒక దేవుడు కూడా ఉన్నాడు. కొమ్ములు, మేక కాళ్ళు, చేతిలో రెల్లు గొట్టాల పిల్లనగ్రోవి. మిట్టమధ్యాహ్నం అడవిలో ఉన్నట్టుండి కారణం లేకుండా భయం పుడితే అది ఆయన పనే అనేవారు. ప్యానిక్ అన్న మాట అక్కణ్ణుంచే. ఆయన పేరుకి సర్వం అనే పాన్‌తో సంబంధం కల్పించింది తర్వాతివాళ్ళేనని చాలామంది పండితుల మాట. ఆ పేరుని మన వేదంలోని పూషుడితో కలిపినవాళ్ళూ ఉన్నారు. దారి తప్పిన పశువుల్ని కాచే దేవుడు పూషుడు, ఆయన రథానికి మేకలు కడతారు. అది విన్నాక ఆయన రెండు నిమిషాలు ఏమీ టైపు చేయలేదు. అప్పటికీ సర్వర్ రాలేదనుకోండి.

ఇక యానాం అన్నాక ఫ్రెంచి లేకుండా ఎలా? 1954 దాకా ఇది వాళ్ళ ఏలుబడిలోదే. ఫ్రెంచి చదువుకున్న మా పెద్దాయన ఒకరు ఈ కొట్టుకి రోజూ సాదా కిళ్ళీకి వస్తారు. బోర్డు చూసినప్పుడల్లా ఆయన 'పాఁ' అని చదువుతారు. మనం వదిలేసిన అరసున్న ఉంది చూశారూ, ఫ్రెంచి పలకడానికి అదెంత పనికొస్తుందో ఆయన నోట వింటే తెలుస్తుంది. వాళ్ళకి ఆ మాటకి బట్ట చెంగు, గోడ పలక అని అర్థాలు. బట్ట అనే ఇంకో లాటిన్ మాట, పన్నుస్, నుంచి వచ్చిందది. మన ఎలక్ట్రీషియన్లు ప్యానెల్ బోర్డు అంటారే, ఆ ప్యానెల్ దీని బిడ్డే. నెమలిని కూడా ఫ్రెంచిలో అచ్చం పాఁ అనే పలుకుతారు, స్పెల్లింగే వేరు. పిల్లల ఆటలో తుపాకీ పేలిన చప్పుడూ పాఁ, పాఁ. "రోజూ నెమలి కొట్టుకొచ్చి కిళ్ళీ తింటున్నానయ్యా" అంటారాయన.

నాకు మాత్రం ఫ్రెంచి పాన్ అంటే ఒక రాత్రి గుర్తొస్తుంది. బిస్కే అఖాతం, శీతకాలం, ఓడ ఇంజను ఆగిపోయింది. గాలి హోరు తప్ప ఇంకో శబ్దం లేదు. కాఫీ ట్రే పట్టుకుని పైకెళ్ళేసరికి సెకండ్ మేట్ రేడియోలో అంటున్నాడు: "పాన్-పాన్, పాన్-పాన్, పాన్-పాన్." ఆ టెన్షన్లో కూడా నాకు నవ్వొచ్చింది, ఎవరో వంటింట్లోంచి నా మూకుడు అడుగుతున్నారని. ప్రాణం మీదికొస్తే మేడే అంటారు. అంతదాకా రాకపోయినా అత్యవసరమే అయితే పాన్-పాన్ అని మూడుసార్లు. ఫ్రెంచిలో బండి ఆగిపోతే పాన్ అంటారు, రాతలో ఇంకో ఎన్, ఒక ఈ ఎక్కువ. రేడియోలో పిలిచేది ఆ మాటనే. రెండు గంటలకి ఇంజను అందుకుంది. నా చేతిలో కాఫీ మాత్రం అప్పటికే చల్లారిపోయింది.

ఇంతకీ నా కార్డు. పేరు మార్పుకి ఫీజు 107 రూపాయలు, ఆయన చార్జీ 100. మొదటిసారి ఇంటిపేరు ఉండాల్సిన గడిలో నా పేరు, పేరుండాల్సిన గడిలో ఇంటిపేరు పెట్టి పంపేశాడు. పాత కార్డులో ఉన్న తప్పూ సరిగ్గా అదే! కొత్త కార్డు అదే తప్పుతో ఇంటికొచ్చింది. తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందొస్తుంది, ఆ ఫారం వెనకొస్తుందనుకుంటుంది, మధ్యలో మనం తిప్పలు పడతాం. పాన్‌లో ఉండే పది అక్షరాల్లో అయిదోది ఇంటిపేరు మొదటి అక్షరమట. నాది నా పేరు మొదటి అక్షరంతో ఉంది. నంబరు ఇక మారదు కాబట్టి ఆ అయిదో అక్షరం చచ్చేదాకా నాతోనే. రెండోసారి ఆయన తన చార్జీ తీసుకోలేదు, ఫీజు కూడా సగం పెట్టుకుంటానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఈసారి సరిగ్గా వచ్చింది. మొత్తం మీద అయిదు వారాలు పట్టింది. తొందరున్నవాళ్ళు ఆయన టైపు చేశాక స్క్రీను తిప్పించుకుని ఒకసారి చదువుకోండి, అడిగితే ఏమీ అనుకోడు.

కిళ్ళీకి వంక పెట్టడానికి మాత్రం ఆ మొదటి రోజు సున్నం తప్ప నాకేమీ దొరకలేదు. సాదా 15, స్వీట్ 30. ఇంటికి కట్టమంటే అరిటాకు ముక్కలో చుట్టి దారం కడుతుంది, సాయంత్రం దాకా వాడదు. ఇంగ్లీషులో ఒక సమీక్షకుడు ఒక హోటల్ని చీల్చి చెండాడితే 'ప్యాన్ చేశాడు' అంటారు. నేను ఈ పాన్‌ని ప్యాన్ చేయలేను. జర్దా అడక్కండి, ఆవిడ అమ్మదు. మధ్యాహ్నం మూడింటి దాకా కిళ్ళీ పక్క మూసి ఉంటుంది, కార్డు పక్క మాత్రం పొద్దున్నుంచే.

నిన్న వెళ్ళేసరికి ఫ్లెక్సీ ఒక మూల చిరిగి గాలికి కొట్టుకుంటోంది. కొత్తది రాయిస్తారట. ఇన్ని భాషల సంగతులు చెప్పారుగా, ఏం రాయించమంటారు బాబాయ్ గారండీ అని ఇద్దరూ అడిగారు. ఆలోచించాను. ఆయన చూసేది పన్ను సంగతి, ఆవిడ ఎర్రగా పండించేదీ పన్నే. ఇంగ్లీషు అక్షరాలు తీసేసి తెలుగులో పన్ను అని పెద్దగా రాయించండి, ఇద్దరికీ సరిపోతుంది అన్నాను.

ఆయనకి బాగా నచ్చింది. ఆవిడ మా ఆవిడ కోసం కడుతున్న కిళ్ళీకి దారం బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"పళ్ళు పీకే డాక్టరనుకుని వస్తారండీ" అంది.